పట్నాల వీడియో పరకాల చేరాలంటే

ప్రశ్న: మాది హనుమకొండ, సుబేదారి. పోయిన నెల ఇంట్లో మల్లన్న పట్నాలు (రంగుల ముగ్గు వేసి, ఒగ్గు పూజారితో మల్లన్న కథ చెప్పించే పూజ) వేయించాం. మోకాళ్ల నొప్పులతో మా అత్తమ్మ పరకాల నుంచి రాలేకపోయారు. ఆమె చూస్తారని మొత్తం నా ఫోనులో వీడియో తీశాను. రెండు ఫైళ్లయ్యాయి. ఒకటి గంటా అయిదు నిమిషాలు, 11 జీబీ. రెండోది నలభై నిమిషాలు, 7 జీబీ. అత్తమ్మ దగ్గర పాత ట్యాబ్ ఉంది. అందులో 32 జీబీకి 9 జీబీ ఖాళీ. వాట్సాప్‌లో చిన్న ముక్క పంపితే ముగ్గు రంగులన్నీ అలికేసినట్టు కనిపించాయి. పరకాల వెళ్లినప్పుడు పది నిమిషాల ముక్క కత్తిరించి బ్లూటూత్‌లో పెడితే దాదాపు రెండు గంటలు పట్టింది. ఫోనుకు నేరుగా గుచ్చుకునే 32 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. అది ఖాళీగానే ఉంది, అయినా ఫైలు ఎక్కడం లేదు. పక్కింటి అబ్బాయి ఏదో యాప్ పంపిస్తానంటున్నాడు. మావారు కొత్త ట్యాబ్ కొందామంటున్నారు. ఫోను నిండిపోయింది, వీడియోలు తీసేస్తే తప్ప ఇంకేమీ పట్టేలా లేదు. మా అబ్బాయి లాప్‌టాప్ ఇంట్లో ఉంది. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: కొత్త ట్యాబ్ కొనకండి. పక్కింటి అబ్బాయి యాప్ కూడా వేయకండి. మీరు కొన్న పెన్‌డ్రైవ్, ఇంట్లో ఉన్న లాప్‌టాప్ చాలు. కాకపోతే మీరు ‘ఎలా పంపాలి’ అన్న దగ్గర ఆగిపోయారు. నన్ను కంగారు పెట్టింది అది కాదు, చివర్లో రాసిన మాట. ఆ పట్నాల వీడియో ఈ రోజుకు మీ ఫోనులో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. ఫోను నిండింది కాబట్టి తీసేయాలన్న ఆలోచన కూడా మీకు వచ్చింది. ముందు అది లాప్‌టాప్‌లోకి చేరనివ్వండి. ట్యాబ్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఫోనును లాప్‌టాప్‌కు కేబుల్‌తో కలపండి. కలిపిన వెంటనే లాప్‌టాప్‌లో ఏమీ కనిపించకపోవడం మామూలే. ఫోను తెరను పైనుంచి కిందికి లాగితే ‘ఛార్జింగ్’ అని ఒక నోటిఫికేషన్ కనిపిస్తుంది. దాన్ని తాకి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. ఆ నోటిఫికేషనే రాకపోతే తప్పు చాలాసార్లు ఫోనుది కాదు, కేబుల్‌ది. కొన్ని చవక కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోనుతో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్ వెతికి పట్టుకోండి. లోపల ‘డీసీఐఎం’ అనే ఫోల్డర్‌లో ‘కెమెరా’ ఉంటుంది. ఆ రెండు ఫైళ్లను అక్కడినుంచి కాపీ చేయండి. కట్ చేయకండి. కట్ చేసి తరలిస్తున్నప్పుడు మధ్యలో కేబుల్ కదిలితే ఫైలు అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. కాపీలో ఆ భయం లేదు, ఎన్నిసార్లు ఆగినా అసలుది ఫోనులోనే ఉంటుంది.

కాపీ అయ్యాక రెండు చోట్లా ఫైలు పరిమాణం చూడండి. ‘11 జీబీ’ అన్న గుండు లెక్క చాలదు. లాప్‌టాప్‌లో ఫైలు మీద కుడి బటన్ నొక్కి ‘ప్రాపర్టీస్’ తెరిస్తే బైట్లలో పూర్తి అంకె కనిపిస్తుంది. ఫోనులోని ఫైలుకూ అలాగే చూసి, రెండు అంకెలూ చివరి స్థానం దాకా సరిపోలాలి. తర్వాత వీడియో తెరిచి ఆఖరి నిమిషం ఆడించండి. ఆఖరి నిమిషమే ఎందుకంటే, ఫోను తీసే ఎంపీ4 వీడియోల్లో ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా ఫైలు చివర ఉంటుంది. రికార్డింగ్ ఆపిన తర్వాతే ఫోను దాన్ని రాస్తుంది. పుస్తకానికి విషయసూచిక చివరి పేజీలో వేసినట్టన్నమాట. అందుకే తొంభై శాతం కాపీ అయి ఆగిపోయిన వీడియో తొంభై శాతం కూడా కనిపించదు, అసలు తెరుచుకోదు. లాప్‌టాప్‌లో శబ్దం వస్తూ బొమ్మ రాకపోతే మాత్రం బెంబేలెత్తకండి. కొత్త ఫోన్లలో చాలావరకు హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో తీస్తాయి, విండోస్‌లో మామూలుగా ఉండే ప్లేయర్ దాన్ని కొన్నిసార్లు తెరవలేదు. వీఎల్‌సీ ప్లేయర్ ఉచితం, అందులో ఆడుతుంది.

ఇక పెన్‌డ్రైవ్ ఎందుకు మొండికేసిందో చూద్దాం. 32 జీబీ ఖాళీలో 11 జీబీ పట్టకపోవడం చూస్తే ఎవరికైనా దుకాణదారు మోసం చేశాడనే అనిపిస్తుంది. ఆయన తప్పేమీ లేదు. 32 జీబీ దాకా ఉన్న పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్ 32 అనే పద్ధతిలో సర్ది వస్తాయి. 1996లో విండోస్ 95 కాలంలో వచ్చిన పద్ధతి అది. అందులో ఒక్కో ఫైలు ఎంత పెద్దదో రాసుకోవడానికి 32 బిట్ల గడి ఒక్కటే ఉంటుంది. ఆ గడిలో పట్టే అతి పెద్ద అంకె 4,294,967,295. అంటే నాలుగు జీబీ దాటిన ఫైలుకు పరిమాణం రాసుకోవడానికే చోటు లేదు. పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా అది తీసుకోదు. మూడేసి జీబీల ఫైళ్లు ఎనిమిది ఇవ్వండి, కిక్కురుమనకుండా తీసుకుంటుంది. 1996లో ఇంటి కంప్యూటర్‌లో మొత్తం డిస్కే కొద్ది జీబీలు, ఒక్క ఫైలు నాలుగు జీబీలు దాటుతుందని అప్పుడెవరనుకున్నారు!

దీనికి మందు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతి. 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చింది. మీ ఫైళ్ల లాంటివి దానికి ఒక లెక్క కాదు. లాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ గుచ్చి, దాని గుర్తు మీద కుడి బటన్ నొక్కి ‘ఫార్మాట్’ ఎంచుకోండి. వచ్చే పెట్టెలో ‘ఫైల్ సిస్టమ్’ దగ్గర ఎక్స్‌ఫ్యాట్ పెట్టి ‘స్టార్ట్’ నొక్కండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. మీది ఖాళీయే కాబట్టి ఇబ్బంది లేదు, కానీ నొక్కేముందు అది పెన్‌డ్రైవ్ గుర్తేనా, లాప్‌టాప్‌లోని మరో డ్రైవా అని రెండోసారి చూసుకోండి. ఇప్పుడు రెండు ఫైళ్లూ కలిపి 18 జీబీ హాయిగా ఎక్కుతాయి. పెన్‌డ్రైవ్ తీసేముందు ‘ఎజెక్ట్’ నొక్కడం మరచిపోవద్దు. తెరమీద కాపీ పూర్తయినట్టు కనిపించినా ఆఖరి భాగం ఇంకా రాస్తూ ఉండవచ్చు, ఎక్స్‌ఫ్యాట్‌లో మధ్యలో పీకేస్తే చెడిపోయే అవకాశం కాస్త ఎక్కువే.

ఇంతవరకు చేస్తే వీడియో పదిలం. అత్తమ్మగారికి మాత్రం ఇంకా అందలేదు. అసలు ఫైళ్లను ఆమె ట్యాబ్‌లో పెట్టవద్దని నా సలహా. చోటు సంగతి మీకు తెలిసిందే, 18 జీబీ 9 జీబీలో పట్టదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. గంటా అయిదు నిమిషాలకు 11 జీబీ అంటే నిమిషానికి 170 ఎంబీ. ఈ లెక్క చూస్తే మీరు 4కే నాణ్యతలో తీసి ఉంటారనిపిస్తోంది. 4కే అంటే అడ్డంగా 3,840 చుక్కలు. పాత ట్యాబ్ తెరకు సాధారణంగా 1,280 చుక్కలుంటాయి. పంపిన బొమ్మలో మూడింట రెండొంతుల చుక్కలను అడ్డంగానూ నిలువుగానూ పారేసి మరీ చూపించాలి. ఆ పని చేయలేక పాత ట్యాబ్ ఆగి ఆగి ఆడుతుంది. ఒగ్గు పూజారి ఒక మాట అంటాడు, డోలు దెబ్బ తర్వాతెప్పుడో పడుతుంది. కష్టపడి పంపింది చూడలేకపోతే ఏం లాభం?

కాబట్టి అసలు ఫైళ్లు లాప్‌టాప్‌లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచి, ట్యాబ్ కోసం చిన్న కాపీలు చేయండి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. అందులో వీడియో తెరిచి, సిద్ధంగా ఉండే ఎంపికల్లో ‘ఫాస్ట్ 1080పీ 30’ పెట్టి మొదలుపెట్టమనండి. మీ అబ్బాయికి ఇది అయిదు నిమిషాల పని. లాప్‌టాప్‌కు మాత్రం కొన్ని గంటల పని. రాత్రి ఛార్జర్ పెట్టి, నిద్రావస్థలోకి వెళ్లకుండా సెట్ చేసి వదిలేస్తే తెల్లారేసరికి అయిపోతుంది. ఆ ఎంపిక హెచ్.264 పద్ధతిలో ఫైలు చేస్తుంది. పాత ట్యాబ్‌లకూ టీవీలకూ బాగా అలవాటైన పద్ధతి అది. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున వేసుకున్నా నిమిషానికి 60 ఎంబీ. అంటే పెద్ద వీడియో 3.9 జీబీ, చిన్నది 2.4 జీబీ. రెండూ కలిపి ట్యాబ్‌లో ఉన్న 9 జీబీలో పడతాయి. పైగా ఒక్కోటి నాలుగు జీబీలకు లోపే. ఆ ట్యాబ్ మరీ పాతదై ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌ను గుర్తించకపోయినా, ఫ్యాట్ 32లో ఉన్న ఇంకో పెన్‌డ్రైవ్ మీద వీటిని తీసుకెళ్లవచ్చు. పెద్దది తయారయ్యాక పరిమితి దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తే దాన్నే రెండు భాగాలు చేయమనండి. పట్నం వేయడం ఒక భాగం, కథ ఒక భాగం. పెద్దవాళ్లకు తెరిచి చూసుకోవడానికి కూడా అదే సులువు.

ముగ్గు రంగులు అలుక్కుపోతాయేమోనని మీకు అనుమానం రావచ్చు, వాట్సాప్‌లో చూశారు కాబట్టి. అక్కడ జరిగింది వేరు. వాట్సాప్ వీడియోను మామూలుగా పంపితే తన డేటా పొదుపు కోసం బాగా నొక్కేస్తుంది. పసుపు పక్కన కుంకుమ, దాని పక్కన ఆకుపచ్చ, వాటి అంచుల్లో సన్నటి తెల్ల గీతలు. నొక్కినప్పుడు మొదట చెరిగేవి ఆ సన్నటి అంచులే, రంగులు ఒకదానిలోకి ఒకటి పాకుతాయి. హ్యాండ్‌బ్రేక్ ఆ ఎంపికలో అంత పిసినారితనం చూపదు. ట్యాబ్ తెర మీద అసలుకూ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం.

వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా జతచేస్తే నొక్కకుండానే పంపుతుంది కదా అని ఎవరైనా మీకు చెప్పవచ్చు. నిజమే. కానీ దానికి 2 జీబీ పరిమితి ఉంది. గూగుల్ డ్రైవ్‌లో, ఫొటోస్‌లో పెట్టి లింకు ఇవ్వమని ఇంకొకరంటారు. ఉచితంగా ఇచ్చేది జీమెయిల్‌తో కలిపి 15 జీబీ, మీ ఫైళ్లు 18. రోజుకు 2 జీబీ డేటా ప్యాక్ మీద 18 జీబీ ఎక్కించాలంటే తొమ్మిది రోజులు, అటువైపు అత్తమ్మగారు దించుకోవడానికి ఇంకో తొమ్మిది రోజులు. హనుమకొండ నుంచి పరకాలకు బస్సెక్కితే ఎంతసేపు పడుతుందో మీకే బాగా తెలుసు. పెద్ద ఫైళ్ల విషయంలో ఇంటర్నెట్ కన్నా ఆర్టీసీయే వేగం. నేను హాస్యానికి అనడం లేదు, లెక్క వేసి చూడండి.

బ్లూటూత్ సంగతి ఒక్క మాట. పది నిమిషాల ముక్క, అంటే 1.7 జీబీ, రెండు గంటలు పట్టిందంటే అది బాగానే పనిచేసినట్టు. దాని వేగమే అంత. మొత్తం 18 జీబీకి ఇరవై గంటలవుతుంది. పాటలకు, ఫొటోలకు సరే, దీనికి కాదు.

పరకాల వెళ్లాక ట్యాబ్‌లోకి ఎక్కించడం ఎలా? ట్యాబ్ అడుగున ఉన్న రంధ్రం చూడండి. మీ ఫోనుది లాంటిదే అయితే పెన్‌డ్రైవ్ నేరుగా గుచ్చవచ్చు. పాతకాలపు సన్న పిన్ను అయితే ఓటీజీ అనే చిన్న అడాప్టర్ కావాలి. హనుమకొండ చౌరస్తాలో ఏ మొబైల్ దుకాణంలో అడిగినా ఇస్తారు, పెద్ద ఖరీదు కాదు. బస్సెక్కే ముందే కొనుక్కోండి. ట్యాబ్‌కు ఎలాంటి పిన్ను కావాలో అత్తమ్మగారి ఛార్జర్ ఫొటో ఒకటి తెప్పించుకుంటే తెలిసిపోతుంది. గుచ్చిన తర్వాత ట్యాబ్‌లోని ‘ఫైల్స్’ యాప్‌లో పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది. అక్కడినుంచి ట్యాబ్‌లోకి కాపీ చేసి, ఆఖరి నిమిషం ఆడించి చూసి, అప్పుడు పెన్‌డ్రైవ్ తీయండి.

కింద చెప్పినట్టు అసలు ఫైళ్లు తీసేసి ఫోనులో చోటు చేసుకున్నాక, చిన్న కాపీలను అందులోనే పెట్టుకుని వెళ్తే పెన్‌డ్రైవ్ లేకుండా కూడా పని జరుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇదివరకు నియర్‌బై షేర్ అనే సౌకర్యం ఉండేది. 2024 నుంచి అదీ, శాంసంగ్‌లోనిదీ కలిసి క్విక్ షేర్ అయ్యాయి. రెండు పరికరాలు ఒకదాన్ని ఒకటి కనుక్కోవడానికి బ్లూటూత్ వాడుకుని, ఫైలును మాత్రం వైఫై మీద నేరుగా పంపిస్తాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు, డేటా ఖర్చు కాదు. ట్యాబ్‌లో క్విక్ షేర్ తెరిచి ‘అందరికీ కనిపించు’ అన్నది పెట్టండి, ఫోనులో వీడియో ఎంచుకుని ‘షేర్’ నొక్కితే ట్యాబ్ పేరు వస్తుంది. రెండూ ఒకే మంచం మీద, ఛార్జింగ్‌లో, తెర ఆరిపోకుండా ఉంచండి. పాత ట్యాబ్‌కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే ఉంటే సెకనుకు నాలుగైదు ఎంబీలే రావచ్చు. అలాగైనా చిన్న కాపీలు అరగంట లోపే చేరతాయి. ట్యాబ్‌లో ఈ సౌకర్యమే లేకపోతే పెన్‌డ్రైవ్ ఉండనే ఉంది. అందుకే నేను పెన్‌డ్రైవ్‌ను ముందు చెప్పాను, దానికి వెర్షన్ పట్టింపులు తక్కువ. ఐప్యాడ్ ఉన్న పాఠకులకు: ఐఫోను నుంచి అయితే ఎయిర్‌డ్రాప్ చాలు. ఆండ్రాయిడ్ ఫోను నుంచి అయితే పెన్‌డ్రైవే మేలు, 2019లో వచ్చిన ఐప్యాడ్ఓఎస్ 13 నుంచి ‘ఫైల్స్’ యాప్ దాన్ని చదువుతుంది.

పక్కింటి అబ్బాయి పంపిస్తానన్న యాప్ ఏదో మీరు రాయలేదు. ఒకప్పుడు అందరి ఫోన్లలో ఉన్న షేరిట్, జెండర్ రెండూ 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో ఉన్నాయి. ప్లే స్టోర్‌లో లేని యాప్‌ను వాట్సాప్‌లో ఫైలుగా పంపితే అది ఎవరు తయారు చేసిందో, లోపల ఏముందో పంపినవాడికీ తెలియదు. అబ్బాయి మంచివాడే కావచ్చు. అదే ఫోనులో మీ బ్యాంకు కూడా ఉంటుంది కదా.

అసలు నాణ్యతలోనే ట్యాబ్‌లో ఉండాలని మీకు పట్టుదలగా ఉంటే, ట్యాబ్ పక్కన మెమరీ కార్డు గూడు ఉందేమో చూడండి. 64 జీబీ కార్డు వేస్తే చోటు సమస్య తీరుతుంది. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌తోనే వస్తాయి, మళ్లీ ఫార్మాట్ చేసే పని లేదు. ట్యాబ్ మొదటిసారి అడిగినప్పుడు ‘పోర్టబుల్’ అని ఎంచుకోవాలి. ‘ఇంటర్నల్’ అంటే కార్డును ఆ ట్యాబ్‌కే తాళం వేసినట్టు గుప్తీకరిస్తుంది, తీసి ఇంకెక్కడ పెట్టినా చదవదు. కార్డు బిల్లిచ్చే దుకాణంలోనే కొనండి. అతి చవకగా దొరికే ఒక టీబీ (సుమారు వెయ్యి జీబీల) కార్డుల్లో చాలావరకు నకిలీలు. లోపల ఉండేది కొద్ది జీబీలే, పైకి మాత్రం పెద్ద అంకె చూపిస్తాయి. నిండిన తర్వాత కూడా కాపీ అవుతున్నట్టే నటిస్తాయి, చూడబోతే ఫైలు తెరుచుకోదు. ఇంతకీ పైన చెప్పిన ఆగి ఆగి ఆడే బాధ కార్డు వేసినా పోదు. అందుకే నా ఓటు చిన్న కాపీకే.

ఫోనులోంచి ఎప్పుడు తీసేయవచ్చో చెప్తాను. అసలు ఫైళ్లు లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉండి, రెండు చోట్లా ఆఖరి నిమిషం ఆడిన తర్వాత. ఆ పెన్‌డ్రైవ్‌ను మళ్లీ ఇంకో పనికి వాడకండి, చీటీ అంటించి బీరువాలో పెట్టండి. తీసేసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉంటే, ఆ యాప్‌లో ‘డిలీట్’ నొక్కిన వీడియో ఫోనులోంచే కాదు, క్లౌడ్‌లోంచి, అదే ఖాతా ఉన్న ఇతర పరికరాల్లోంచి కూడా పోతుంది. మీరు ట్యాబ్‌లో మీ జీమెయిల్ ఖాతానే పెట్టి ఉంటే ఇది బాగా గుర్తుంచుకోవాలి. చెత్తబుట్టలో కొన్నాళ్లుంటుంది కాబట్టి వెంటనే గమనిస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. అన్నట్టు, ఆ బుట్ట ఖాళీ చేసేదాకా ఫోనులో చోటు కూడా రాదు. తీసేసినా ఫోను నిండుగానే ఉందని చాలామంది తికమకపడేది ఇందుకే.

వచ్చేసారి తీసేటప్పుడు కెమెరా సెట్టింగుల్లో 1080పీ పెట్టుకోండి. కథ చెప్తున్నంతసేపూ అది చాలు, ఈ రెండు ఫైళ్లూ చాలా చిన్నవయ్యేవి. పట్నం పూర్తయ్యాక, ఇంకా ఎవరూ తొక్కకముందు, రెండు నిమిషాలు మాత్రం 4కేకి మార్చి ముగ్గు చుట్టూ నెమ్మదిగా తిప్పి తీయండి. తీస్తున్నప్పుడు ఫోనును విమానం మోడ్‌లో పెడితే మధ్యలో చుట్టాల ఫోన్లు వచ్చి రికార్డింగ్ తెగదు. ఇరవై నిమిషాలకొకసారి మీరే ఆపి మళ్లీ మొదలుపెట్టండి. అలా చేస్తే ఏ ఒక్క ఫైలూ నాలుగు జీబీలు దాటదు.